బయటి గాలి మూసిన మనిషి

ఆ వీధిలో అందరూ అతన్ని చల్లన్న అంటారు. అసలు పేరుతో పిలిస్తే అతనే వెంటనే పలకడు. కార్లలో ఏసీలు బాగుచేయడం ఇరవై రెండేళ్ళుగా అతని పని. రేకుల షెడ్డులో ఎడమ సగం అతనిది, కుడి సగం అతని భార్య అన్నయ్యది. బావ కార్లకు పడిన సొట్టలు తీసి రంగు వేస్తాడు. ఒకవైపు సుత్తి మోత, మరోవైపు గ్యాసు బుసబుస. షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన చల్లన్న భార్య కుట్టుమిషను ఉంటుంది. ఆమె చేతికి అందేలా ఒక కుర్చీ, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం.

చల్లన్నకు పనిమంతుడన్న పేరుంది. పనికంటే అతను చెప్పే పాఠానికి ఇంకా పేరుంది. బండి తాళం ఇచ్చే ముందు ఎవరినైనా సరే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ముందద్దానికి ఆవిరి పడితే ఏం చేయాలో చెప్పి గాని వదిలేవాడు కాదు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. ‘పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వేయరయ్యా’ అని ఒక వకీలు నవ్వాడు కూడా. అయినా చల్లన్న మానలేదు.

ఆ పాఠం విన్నవాళ్ళలో నర్సమ్మ ఒకరు.

ఆమె నర్సే గాని ఆసుపత్రిలో చేసేది కాదు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టడం, ఇంజక్షన్లు ఇవ్వడం, పడుకుని పడుకుని ఒళ్ళు పుండు పడినవాళ్ళను కడిగి పక్కకు తిప్పడం ఆమె పని. రోజుకు ఎనిమిది ఇళ్ళు, తొమ్మిది ఇళ్ళు. నలభై మూడో ఏట కారు నేర్చుకుంది. నేర్చుకున్న నెలకే ఒక పాత చిన్న కారు కొనుక్కుని, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని చల్లన్న దగ్గరికి తెచ్చింది.

“అద్దం మసకేస్తే ముందు వేలితో గీయండి సిస్టర్” అన్నాడు చల్లన్న పక్క సీట్లో కూర్చుని. “గీత పడిందనుకోండి, ఆవిరి లోపల ఉన్నట్టు. పడలేదనుకోండి, బయట ఉన్నట్టు.”

“బయట కూడా పడుతుందా?”

“ఎందుకు పడదు? లోపల ఏసీ వేసి అద్దాన్ని చల్లగా చేసేస్తాం. బయట గాలి వేడిగా, తడిగా ఉంటుంది. చల్లనీళ్ళ చెంబుకి చెమట పట్టదూ, అలాగే. అప్పుడు వైపర్ తిప్పండి, ఏసీ చలి తగ్గించండి, గాలి అద్దం మీదికి కాకుండా మనిషి మీదికి మళ్ళించండి. ఇక లోపల పట్టిందనుకోండి. అది మన ఊపిరి, మన తడిబట్టలు. అప్పుడు ఏసీ ఆపకూడదు. ఏసీ గాలిలో తడి లాగేస్తుంది. గాలి అద్దం మీదికి పెట్టి, ఇదిగో ఈ బటన్ నొక్కాలి. మీ బండిలో దీని లైటు వెలిగితే బయటి గాలి లోపలికి వస్తున్నట్టు. లోపలి గాలినే తిప్పితిప్పి వాడుకుంటే మన ఊపిరి మనకే అడ్డం.”

నర్సమ్మ మందుల చీటీ వెనక ఇదంతా రాసుకుంది. రాసుకుని, మళ్ళీ అతనికే చదివి వినిపించి, తప్పులు లేవన్నాక ఆ చీటీని డ్రైవరు ఎదురుగా ఉండే ఎండతెరకు అంటించింది. చల్లన్నకు ఆ రోజు చాలా తృప్తిగా అనిపించింది. తన మాటను అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె కారు మీద ఊరంతా తిరిగింది. యూనిఫాం కోట్లు కుట్టించుకోవడానికి చల్లన్న భార్య దగ్గరికే వచ్చేది. అలా ఇంటి మనిషిలా అయింది.

మూడో ఏడు ఎండలు మండిపోయాయి. షెడ్డు ముందు ఏడు కార్లు వరసలో ఉన్న ఒక మధ్యాహ్నం నర్సమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చింది.

“చల్లదనమే రావట్లేదు చల్లన్నా. నా సంగతి పోనీ. మందుల పెట్టె వేడెక్కిపోతోంది.”

అతను మీటర్లు తగిలించి చూశాడు. గ్యాసు సగం పోయింది. డాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌కి ఎక్కడో సన్నని చిల్లు. అది మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. రెండు రోజుల పని. ఆ మాట చెబితే సరిపోయేది. అయితే ఆమె రెండు రోజులు బండి వదలలేదని అతనికి తెలుసు. వరసలో ఉన్న ఏడుగురూ తననే చూస్తున్నారనీ తెలుసు.

“అరగంట కూర్చోండి సిస్టర్, చేసిస్తాను” అన్నాడు.

గ్యాసు నింపాడు. తర్వాత ముందు సీటు ఎదురుగా ఉన్న చిన్న అర ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టాడు. బయటి గాలి రావడానికీ, లోపలి గాలే తిరగడానికీ మధ్య తలుపులాంటి ఒక రేకు ఉంటుంది. దాన్ని తిప్పడానికి గుప్పెడంత మోటారు. చల్లన్న ఆ మోటారు వైరు ఊడదీశాడు. రేకును బయటి గాలికి మూసేసి, కదలకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగించాడు. వేడి గాలి లోపలికి రాకపోతే, చిల్లులోంచి గ్యాసు మెల్లగా తగ్గుతున్నా కొన్నాళ్ళు చల్లదనం నిలుస్తుంది. మీద బటన్ నొక్కితే లైటు ఎప్పటిలాగే వెలుగుతుంది, ఆరుతుంది. లోపల రేకు మాత్రం కదలదు.

అది అతను కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. పని ఎక్కువై ఊపిరాడని ఎండాకాలాల్లో ముప్పై పైచిలుకు బండ్లకు అలాగే చేశాడు. వానలు పడేలోపు పిలిచి విప్పేద్దామనుకునేవాడు. కొందరిని పిలిచాడు, కొందరిని మరిచిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది తప్పన్న మాటే మనసుకి తట్టలేదు.

థర్మామీటరు గాలి వచ్చే రంధ్రంలో పెట్టి నర్సమ్మకు చూపించాడు. ఎనిమిది డిగ్రీలు. ఆమె ముఖం విప్పారింది. “నీ చెయ్యి చల్లగా ఉండాలి” అంది. ‘ఇది తాత్కాలికం సిస్టర్, వానల ముందు ఒకసారి తీసుకురండి’ అని చెప్పడానికే అతను నోరు తెరిచాడు. ఇంతలో ఫోను మోగింది. అతను ఫోను మాట్లాడి తిరిగేసరికి ఆమె కారు వీధి మలుపు తిరిగిపోయింది.

రెండున్నర నెలల తర్వాత, గట్టి వాన పడుతున్న ఒక పొద్దున తొమ్మిదింటికి, నర్సమ్మ కారు ఒక పెద్దాయన్ని గుద్దింది.

ఆ రోజు ఆమె తడిసిన రెయిన్‌కోటుతోనే కారెక్కింది. పక్కన ఒక రోగి భార్యను ఎక్కించుకుంది. ఆవిడ కాళ్ళ దగ్గర నీళ్ళోడుతున్న గొడుగు. బయల్దేరిన కాసేపటికే ముందద్దం పాలు పోసినట్టయింది. నర్సమ్మ బండి పక్కకు ఆపింది. వేలితో గీసింది, గీత పడింది. ఏసీ వేసింది, గాలి అద్దం మీదికి తిప్పింది, బటన్ నొక్కింది. లైటు వెలిగింది. గుడ్డతో అద్దం తుడిచి, కనబడుతోందని నిర్ధారించుకుని మళ్ళీ కదిలింది. మందుల దుకాణం దగ్గర మలుపు తిరుగుతుండగా అద్దం ఒక్కసారిగా మళ్ళీ కమ్మేసింది. బ్రేకు మీద కాలు వేస్తూ తుడవడానికి ఒక్క క్షణం ముందుకు వంగింది. ఆ క్షణంలోనే పెద్దాయన రోడ్డు దాటుతున్నాడు.

ఆయన డ్రిల్లు మాస్టారు. బడిలో ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని పరుగెత్తించి రిటైరైన మనిషి. డెబ్బై రెండేళ్ళు. కారు పెద్ద వేగంలో లేదు గాని, ఆయన తుంటి ఎముకా, మోకాలి కింద ఎముకా విరిగాయి.

సొట్టపడిన కారును బావే తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాడు. వెంట నర్సమ్మ భర్త వచ్చాడు. ఆయన ఒక గోదాములో సరుకు చూసే ఉద్యోగి. ముఖం పాలిపోయి ఉంది.

“ఏం కనబడలేదంటుంది. నువ్వు చెప్పినవన్నీ చేశానంటుంది. కంగారులో ఏదో ఒకటి నొక్కి ఉంటుంది. నలభై దాటాక ఈ కారు మనకెందుకే అని మొత్తుకున్నాను, విందా?” అని తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చి బండి పరీక్ష చేస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు.

బావ టీకి వెళ్ళాడు. చల్లన్న కారులోకి దూరాడు. చిన్న అర ఊడదీసే ముందే అతనికి తెలుసు. అయినా చూసేదాకా ఏదో ఆశ. పట్టీ తను బిగించింది బిగించినట్టే ఉంది. వైరు పక్కకు వేలాడుతోంది. గ్యాసు మీటరు పెట్టాడు. ముల్లు అడుగున ఉంది. అంటే ఆ పొద్దున ఏసీ గాలిలో తడి లాగింది లేదు, బయటి గాలి లోపలికొచ్చిందీ లేదు. ఇద్దరు మనుషులు, తడిబట్టలు, మూసిన డబ్బా. బటన్ మీద లైటు మాత్రం వెలిగింది.

అతని చేతులు ఆగలేదు. ముందు పట్టీ కత్తిరించాడు. వైరు తగిలించాడు. బటన్ నొక్కి చూస్తే రేకు టక్కున తెరుచుకుంది. గ్యాసు నింపాడు. కత్తిరించిన పట్టీ ముక్క ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఇదంతా పావుగంటలో అయిపోయింది. పని మీద అతనికి ఎప్పుడూ అంత తొందర రాలేదు.

ఇన్‌స్పెక్టరు మూడింటికి వచ్చాడు. బ్రేకు, లైట్లు, వైపర్లు, టైర్లు చూశాడు. కారులో కూర్చుని ఏసీ వేశాడు. “గాలి మార్చే రేకు పనిచేస్తోందా?” అని అడిగాడు.

“చేస్తోంది సార్.”

“ఏసీ?”

“చేస్తోంది సార్.”

ఆ మాటల్లో అబద్ధం లేదు. అడిగే సమయానికి రెండూ పనిచేస్తున్నాయి. ఆ తర్వాత నెలల తరబడి చల్లన్న తనకు తాను చెప్పుకున్నది ఇదే. బండిలో లోపం ఏమీ లేదని, నడిపినవారి అజాగ్రత్తేనని ఇన్‌స్పెక్టరు రాసుకుపోయాడు. నర్సమ్మ లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు.

ఆరు నెలలు గడిచాక లైసెన్సు తిరిగి వచ్చింది గాని ఆమె తాళం ముట్టుకోలేదు. కారు వాళ్ళ ఇంటి ముందు గోనెపట్టా కింద ఉండిపోయింది. ఆమె మందుల సంచి భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగేది. తొమ్మిది ఇళ్ళు నాలుగయ్యాయి. మిగిలిన ఐదిళ్ళలో రోగులను ఎవరు చూస్తున్నారో చల్లన్నకు తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు. బస్‌స్టాపు దగ్గర ఒకసారి ఆమె కనబడింది. అప్పట్నుంచి అతను ఆ దారిన పోవడం మానేసి, విడిభాగాల దుకాణానికి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు.

దారి మార్చుకోవచ్చు, ఇల్లు మార్చుకోలేడు కదా. ఆమె కోట్లు కుట్టించుకోవడానికి ఇంటికే వచ్చేది. కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. షెడ్డుకూ ఆ గదికీ మధ్య ఒక్క ఇటుక గోడ. బావ సుత్తి ఆగినప్పుడు మాటలన్నీ వినిపించేవి.

“కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను వదినా. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. మరి లోపం బుర్రలోనే ఉండాలి. అన్నీ చేశానని నాకు గుర్తు. లైటు వెలగడం కూడా గుర్తే. మా ఆయన ఏమంటారో తెలుసా, తప్పు చేసినవాళ్ళకు అన్నీ సరిగ్గా చేసినట్టే గుర్తుంటుందట.”

“ఆయన మాటకేం గాని, మాస్టారు ఎలా ఉన్నారు?”

“కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. రోజూ వెళ్తున్నాను. కాళ్ళు ఆడించి, ఒళ్ళు తుడిచి వస్తాను. తిడతారు. తిట్టించుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది.”

గోడకు ఇవతల చల్లన్న చేతిలో పానా పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. ఎవరైనా కస్టమరు వచ్చి మామూలుగా ‘అద్దానికి ఆవిరి పడుతోందయ్యా’ అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. పాఠం చెప్పడం మానేశాడు. ఎందుకు చెప్పట్లేదని ఆ వకీలే అడిగాడు. “మీకు తెలిసిందేగా” అని తప్పించుకున్నాడు.

ప్రమాదం జరిగిన తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక బావా, చల్లన్నా షెడ్డు నీడలో కూర్చున్నారు. బావకు సుత్తి మోతతో చెవులు సగం పోయాయి. అందుకే తక్కువ మాట్లాడతాడు. ఆ రోజు ఉన్నట్టుండి అన్నాడు.

“నర్సమ్మ కారు తెచ్చిన రోజు నేను టీకి వెళ్ళి చిల్లర మరిచిపోయి వెనక్కొచ్చాను.”

చల్లన్న చెయ్యి తెలియకుండానే ప్యాంటు జేబు మీదికి పోయింది.

“నువ్వు ఏదో కత్తిరించి జేబులో వేసుకోవడం చూశాను. ఏమిటని అడగలేదు. నువ్వే చెబుతావనుకున్నాను.”

“ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు బావా?”

“నాది సొట్టలు తీసే పని. పైకి నున్నగా ఉంటే చాలు, లోపల ఎంత తుప్పు పట్టినా నన్నెవరూ అడగరు. నీది లోపలి పని. నాకంటే నీకే బాగా తెలియాలి.” బావ లేచి చేతులు దులుపుకుని మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు.

ఆ వారమే నర్సమ్మ భర్త వచ్చాడు. కారు అమ్మేస్తున్నామని, ఆదివారం కొనేవాళ్ళు వచ్చి తీసుకెళ్తారని, ఏసీ ఒకసారి చూసి పెట్టమని అడిగాడు.

“ఇళ్ళకు తిరగడం కూడా మానేస్తోంది. వచ్చే నెల నుంచి ఒక క్లినిక్కులో చీటీలు రాసే పనట. మాస్టారు ఒక్కరి ఇంటికే వెళ్తుందట. మంచిదే, నాకూ నిశ్చింత” అన్నాడు. అని, వెళ్ళబోతూ, “మంచి నర్సు అది. చీటీలు రాయడమేమిటో” అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

అతను వెళ్ళాక చల్లన్న ఇంట్లోకి వెళ్ళాడు. భార్య మిషను తొక్కుతోంది. కుర్చీలో కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాడు. పట్టీ, వైరు, గ్యాసు, ఇన్‌స్పెక్టరు, అన్నీ. మధ్యలో ఎక్కడో మిషను ఆగింది.

ఆమె తలెత్తలేదు. సూది కింద ఉన్న గుడ్డ చూస్తూ ఉండిపోయింది. “ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది” అంది చివరికి. “నేను నీళ్ళిచ్చి ఊరుకోబెట్టాను. మీరు గోడ అవతలే ఉన్నారు.”

“ఉన్నాను.”

“వినబడిందా?”

“వినబడింది.”

“నాకు చెప్పి ఏం లాభం?” అంది ఆమె. అంతే. మళ్ళీ మిషను తొక్కలేదు. లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పది గంటలకు చల్లన్న డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఆ సమయానికి నర్సమ్మ అక్కడ ఉంటుందని అతనికి తెలుసు. గోడ చెప్పింది. తలుపు తీసే ఉంది. మాస్టారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. నర్సమ్మ ఆయన ముందు నేల మీద కూర్చుని కుడికాలు పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తూ లెక్కపెడుతోంది.

“ఎవరూ?” అన్నారు మాస్టారు.

“ఏసీ చల్లన్న, మాస్టారూ” అంది నర్సమ్మ తలెత్తి. “కారు అమ్మకం సంగతి మాట్లాడటానికి వచ్చి ఉంటాడు. కూర్చో చల్లన్నా.”

అతను కూర్చోలేదు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. “ఆ రోజు తప్పు మీది కాదు సిస్టర్” అన్నాడు. తర్వాత మిగతాది ముక్కలు ముక్కలుగా, ముందుది వెనకా, వెనకది ముందుగా చెప్పాడు. అతను చెబుతున్నంతసేపూ నర్సమ్మ కాలు ఆడించడం ఆపలేదు. ఇరవై దాకా లెక్క పూర్తిచేసి, కాలు మెల్లగా కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

“మళ్ళీ చెప్పు” అంది. “మొదటినుంచి. నెమ్మదిగా.”

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి వరసగా చెప్పగలిగాడు.

“లైటు వెలిగింది” అంది ఆమె.

“వెలుగుతుంది సిస్టర్. లైటుకి వేరే వైరు. రేకు కట్టేసి ఉంది.”

“నేను నొక్కాను.”

“నొక్కారు. అన్నీ సరిగ్గానే చేశారు.”

“ఇన్‌స్పెక్టరు నిన్ను అడిగాడా?”

“అడిగాడు. పనిచేస్తోందన్నాను. అప్పటికి బాగుచేసి పెట్టాను.”

నర్సమ్మ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. “తొమ్మిది నెలలు” అంది. “పొయ్యి ఆపానో లేదో మూడుసార్లు వెళ్ళి చూసుకుంటున్నాను. ఇంజక్షను ఇచ్చేముందు సీసా మీద పేరు నాలుగుసార్లు చదువుతున్నాను. నా చేతిని నేనే నమ్మడం మానేశాను. ఇరవై ఏళ్ళ పని అది. అది నువ్వు తీసుకున్నావు.” సంచి భుజాన వేసుకుని, “మాస్టారూ, రేపు వస్తాను” అని చెప్పి వెళ్ళిపోయింది. చల్లన్న వైపు చూడలేదు.

గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు తన కాలు వైపు చూసుకుంటున్నారు.

“ఆ అమ్మాయిని నోటికొచ్చినట్టు తిట్టానయ్యా” అన్నారు. “మొదటి నెలలో అయితే కళ్ళు లేవా, కనబడవా అని రోజూ అనేవాణ్ణి. ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడికి పోవాలి?”

“నన్ను తిట్టండి మాస్టారూ.”

“నిన్ను తిడితే నీకు హాయిగా ఉంటుంది. నేను తిట్టను.” ఆయన కర్ర అందుకుని నేల మీద ఒకసారి తట్టారు. బడిలో వరస తప్పిన పిల్లాడి ముందు అలాగే తట్టేవారేమో. “ఇక్కడ నాకు చెప్పింది ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్పు. నోటితో కాదు, కాగితం మీద. ఈ రోజే. రేపయితే నీకు వేరే పని పడుతుంది.”

అతను ఆ రోజే వెళ్ళాడు. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని తెల్లకాగితం మీద రాశాడు. మొదటి కాగితంలో ‘పట్టీ బిగించబడినది’ అని రాసి, చదువుకుని, చింపేశాడు. రెండో దానిలో ‘పట్టీ నేనే బిగించాను, తర్వాత నేనే తీసేశాను’ అని రాశాడు. ఇన్‌స్పెక్టరు అది రెండుసార్లు చదివాడు. “నువ్వు రాకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు, తెలుసా?” అన్నాడు. తెలుసు సార్ అన్నాడు చల్లన్న. “వచ్చావు కదా అని వదిలేస్తాననుకోకు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వదిలేయలేదు. షెడ్డులో చల్లన్న సగానికి నాలుగు నెలలు తాళం పడింది. మాస్టారి వైద్యం ఖర్చు అతని మీదికి మళ్ళింది. సాక్ష్యం మాయం చేసినందుకు వేరే కేసు నడిచింది, శిక్ష కూడా పడింది. జైలు తప్పింది గాని, వారానికోసారి స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాల్సి వచ్చింది. నర్సమ్మ మీద రాసిన అజాగ్రత్త మాట కొట్టేశారు. ఆ కొట్టేసిన కాగితం నకలు ఆమె భర్త వచ్చి తీసుకున్నాడు. ఆఫీసు మెట్ల మీద చల్లన్న ఎదురుపడితే ఆగాడు. “నేనూ దాన్ని నానా మాటలూ అన్నాను” అన్నాడు. “నీ మీద కోపం తెచ్చుకుందామంటే నా మాటలే ముందు గుర్తొస్తున్నాయి.” అని దిగిపోయాడు.

నర్సమ్మ కారు అమ్మలేదు, క్లినిక్కు పనికీ వెళ్ళలేదు. కాయిల్ నేను మారుస్తాను, దగ్గరుండి చూసుకోండి అని చల్లన్న తన భార్య చేత కబురు పెట్టాడు. భార్య వెళ్ళి, తిరిగి వచ్చి, “అక్కర్లేదంది” అని చెప్పింది. అంతకు మించి ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నర్సమ్మ కారును ఊరి అవతల వేరే షెడ్డులో ఇచ్చింది. అక్కడ రెండు రోజులూ ఎండలో స్టూలు వేసుకుని కూర్చుని, డాష్‌బోర్డు విప్పినప్పటి నుంచి బిగించేదాకా చూసిందట. కోట్లు కుట్టించుకోవడానికి మాత్రం వస్తూనే ఉంది. వచ్చినప్పుడు చల్లన్న షెడ్డులో ఉన్నాడని తెలిసినా గొంతు తగ్గించదు. అతని పేరూ ఎత్తదు.

తాళం పడ్డ నాలుగు నెలలూ అతను బావ దగ్గర ఉప్పుకాగితం పట్టుకుని కార్ల రంగు గీకే పని చేశాడు. పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్ళేవాడు. రమ్మని ఆయనే కబురు చేశారు. నర్సమ్మ చేతిలో రోగులు మళ్ళీ పెరిగారు కాబట్టి నడకకు ఒక భుజం కావాలన్నారు. వీధి చివరిదాకా ఆయన చల్లన్న భుజం పట్టుకుని నడిచేవారు. ఆ దారిలో ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. ఎప్పుడైనా నొప్పి పుట్టి ఆయన ఆగి మూలిగితే, చల్లన్న తల దించుకుని నిలబడేవాడు. ఆయన దాన్ని గమనించేవారు గాని ఊరడించేవారు కాదు. “ఎడమ, కుడి” అని మళ్ళీ అడుగు వేయించేవారు.

షెడ్డు తాళం తీసిన రోజు అతను చేసిన మొదటి పని, పట్టీ బిగించిన బండ్ల పేర్లు గుర్తు తెచ్చుకుని రాయడం. ఇరవై ఏడు గుర్తొచ్చాయి. మిగిలినవి ఎంత తల బాదుకున్నా రాలేదు. ఆ రానివే అతన్ని ఎక్కువ తినేశాయి. వాన పడిందంటే ఊళ్ళో ఏ అద్దం మసకేస్తోందోనని షెడ్డు గుమ్మంలోకి వచ్చి రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. బావ సుత్తి ఆపి అతన్ని చూసి, మళ్ళీ కొట్టుకునేవాడు.

గుర్తున్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. కొందరు బండి అమ్మేశారు. కొందరు తిట్టి, వచ్చారు. ఇద్దరు తిట్టి, రాలేదు. వాళ్ళ ఇళ్ళకు అతనే పెట్టె పట్టుకుని వెళ్ళాడు. ఒక లారీల బ్రోకరు అయితే గేటు దగ్గరే అడ్డుపడ్డాడు.

“బండి ఐసుపెట్టెలా ఉంది. బాగున్నదాన్ని ఎందుకయ్యా విప్పుతావు?”

“బాగున్నట్టు కనబడటం వల్లే ఇన్నాళ్ళూ చెప్పకుండా ఊరుకున్నానండీ” అని చల్లన్న మొదలుపెట్టి, నర్సమ్మ సంగతి మొత్తం చెప్పాడు. తనకు అనుకూలంగా ఉన్న మాట ఒక్కటి కూడా కలపలేదు. బ్రోకరు నోట్లోని పుల్ల తీసి పక్కన పడేసి వింటూ ఉండిపోయాడు.

“ఆవిడ ఇప్పుడు కారు నడుపుతోందా?”

“నడుపుతోందండీ. నిన్న వానలో కూడా వెళ్ళింది, మా ఆవిడ చూసింది.”

“నీతో మాట్లాడుతుందా?”

“లేదండీ” అన్నాడు చల్లన్న. తాళం కోసం చెయ్యి చాపాడు.

బ్రోకరు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. చల్లన్న కారులో ముందు సీటు వెనక్కి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న అర ఊడదీయడం మొదలుపెట్టాడు.